రెండు బిళ్లలూ ఒకేసారి తీసిన బ్రేకుల మెకానిక్ మనవి

బస్సుల మరమ్మతు షెడ్డు పనుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఏడీహెచ్‌డీ ఉన్న మెకానిక్‌కు పనిచోట కొన్ని సదుపాయాలు కోరుట, మూడు మెమోలకు జవాబు గురించి.

తమ షెడ్డులో పందొమ్మిదేళ్లుగా బ్రేకుల పని చేయుచున్న నేను సవినయముగా విన్నవించుకొనునది.

1. మొదటి మెమో: పదకొండు జాబ్ కార్డుల మీద సంతకం లేదని. నిజమే. పని అయింది, సంతకం మరిచాను.

2. రెండవ మెమో: పనివేళలో షెడ్డంతా తిరుగుతున్నానని. ఇదీ నిజమే. స్పానర్ కోసం లేస్తాను. దారిలో గాలి గొట్టం తెగి కనిపిస్తే కట్టడానికి కూర్చుంటాను. స్పానర్ గుర్తొచ్చేసరికి భోజనాల గంట కొడతారు. మేస్త్రీ గారు ఉదయం నడుస్తూ అయిదు పనులు చెప్పుకుపోతారు. అన్నింటికీ తలూపుతాను. అయిదోది వినేసరికి మొదటిది ఉండదు. "చెవులు ఎవరికైనా అద్దెకిచ్చావేంట్రా?" అని ఆయన అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. షెడ్డులో నా పేరు సగంపని.

3. మూడవ మెమో: బండి సిద్ధమైనా స్టీరింగుకు తగిలించిన నంబరు బిళ్ల తీయకుండా నిలబడ్డానని, మేస్త్రీ గారి మాట లెక్కచేయలేదని, సోమవారంలోగా జవాబివ్వని పక్షంలో పని నుంచి తొలగించెదరని. నిలబడిన మాట నిజం. లెక్కచేయకపోవడం కాదు. కారణం ఆరవ అంశంలో ఉన్నది.

4. ఏ రోజు ఏ పని మొదలుపెట్టానో, ఏది ముగించానో పుస్తకంలో రాసుకునే అలవాటు నాకుంది. నా భార్య ఆ పుస్తకాలు పన్నెండూ సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లింది. ఇంట్లోనూ ఇంతేనా అని డాక్టరు గారు నన్నడిగితే నా భార్యే చెప్పింది: "లైటు ఆర్పడానికని లేస్తారండీ. ఇల్లంతా సర్దేసి వస్తారు. లైటు వెలుగుతూనే ఉంటుంది." ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారని డాక్టరు గారు అడిగారు. రాసుకుని, అన్నాను. ఇది ఏడీహెచ్‌డీ అని, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడమని, పెద్దవాళ్లలోనూ ఉంటుందని, బద్ధకం కాదని, మందుతో పాటు పనిచోట మార్పులు కావాలని కాగితం రాసిచ్చారు. నకలు జతపరచడమైనది. అది విని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేయలేదు. ఇంటికి వచ్చేశాము.

5. కోరుచున్న సదుపాయాలు:
(క) పని నోటితో గాక చీటీ మీద, ఒక్కొక్కటిగా ఇప్పించాలి. ఒక చీటీ తిరిగి ఇచ్చాకే రెండవది.
(ఖ) మోతతో ధ్యాస చెదరగొట్టే గాలి యంత్రం పక్క నుంచి నన్ను చివరి వరుసకు మార్పించాలి.
(గ) సాయంత్రం నా కార్డులు ఇంకొకరు చూసి, నా చేత సంతకం పెట్టించాలి.
(ఘ) నేను పనిచేసిన బండి మీది బిళ్లను నేను తీయరాదు. మరొకరు వంగి, బండి కింద చూసి తీయాలి. ఇంత వయసు వాడు అడగవలసినది కాదని తెలుసు.

6. ఇది ఏ మెమోలోనూ లేదు. బండి కిందికి దూరేవాడు తన నంబరు బిళ్ల స్టీరింగుకు తగిలించాలి, బిళ్ల ఉండగా ఎవరూ బండి కదపరాదు, ఒకరి బిళ్ల ఒకరు ముట్టరాదు అన్నది షెడ్డు నియమం. గత నెల పద్నాలుగున ఒక బండి కింద నేనూ వెల్డరూ ఉన్నాము. నా పని అయి పైకి వచ్చాను. పక్క బండి వాళ్లు జాకీ అడిగారు. నా బుర్రలో ఆ బండి అయిపోయింది. బిళ్లలు రెండూ తీసి జేబులో వేసుకుని జాకీ ఇవ్వడానికి వెళ్లాను. డ్రైవరు ఎక్కి బండి కదిపాడు. మూరెడు కదిలింది. వెల్డరు చక్రాల మధ్య నుంచి దొర్లి బయటపడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది. ముఖం కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నేనింకా కిందే ఉన్నాను," అన్నాడు.

అతని బిళ్ల అతనికి ఇచ్చాను. మేస్త్రీకి తెలిస్తే నా పని పోతుందని అతనే ఎవరికీ చెప్పలేదు, డ్రైవరునూ చెప్పనివ్వలేదు. ఇందులో వాళ్ల తప్పు లేదు. ఆ రోజు నా పుస్తకంలో "బ్రేకులు, అయింది" అని మాత్రమే ఉంది. మిగతాది రాయలేదని మర్నాడు చూసుకున్నాను.

అప్పటి నుంచి వెల్డరు వచ్చి నా ఎదుట నిలబడితే తప్ప నేను బిళ్ల తీయడం లేదు. రెండు బండ్లు ఆలస్యమైనవి. మూడవ మెమో వాటి గురించే.

కావున పై మనవిని తమరు చిత్తగించి, సోమవారంలోగా ఉత్తర్వు దయచేయించవలెను. ఆరవ అంశానికి నాలుగవ మెమో ఇవ్వదలిస్తే తీసుకుంటాను. నన్ను తొలగించదలిస్తే క, ఖ, గ కొట్టివేయవచ్చు. ఘ మాత్రం షెడ్డులో అందరికీ పెట్టించ ప్రార్థన.

తమ విధేయుడు,
బ్రేకుల మెకానిక్, బిళ్ల నంబరు 27

తా.క.: ఇచ్చే ముందు ఈ కాగితం వెల్డరుకు చూపించాను. చదివి, "ఆరోది కొట్టెయ్ అన్నా. మిగతావి చాలు," అన్నాడు. కలం కూడా తీసి ఇచ్చాడు. దానితో సంతకం పెట్టాను.