కరపత్రంలో పక్కనున్న మనిషి

మా ఆయనకు,

గోపిక నమస్కరించి రాయునది. ఇక్కడ అందరూ బాగున్నారు, నేను తప్ప.

శ్రీలంక నుంచి మీరు పంపిన ఉత్తరం అందింది. జాఫ్నాలో యుద్ధానికి కూలిన ఇళ్లు మళ్లీ కడుతున్నామని, చాలా ఏళ్లకు అక్కడ ప్రాంతీయ మండలి ఎన్నికలు వచ్చాయని, మీరు కిరాయికి ఉంటున్న ఇంటి కౌసల్య నిలబడిందని రాశారు. సంతోషం. కానీ ఉత్తరంతో పంపిన ఆమె ఓట్ల కరపత్రంలో ఆమె పక్కన మీరెందుకున్నారు? మన నేరేడుచర్లలో ఆడమనిషి ఓట్లకు నిలబడితే ఫోటోలో పక్కన ఉండేది మొగుడే కదా. అత్తమ్మ చూసి, "నా కొడుకు గాడ ఎవరికి మొగుడైండే?" అని నన్నే అడిగింది. ఫోన్లో అడుగుదామంటే ఆమె స్పీకర్ పెట్టి వాడకట్టునంతా కూర్చోబెడుతుంది. నాకు సిగ్గు.

ఇట్లు, ఇంకా మీ భార్యనే అనుకుంటున్న
గోపిక

తా.క. ఫోటోలో మీ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఎవరు చేశారు?

గోపికకు,

మహేశ్వర్ రాయునది. నువ్వు ఊరికే పరేషాన్ అవుతున్నావు. కౌసల్య భర్త యుద్ధంలో పోయాడు. గోడ మీద తమ బొమ్మ అంటించుకోవడానికే జనం భయపడిన ఊరిది. ఆమె పక్కన నిలబడడానికి ఎవరూ రాలేదు. ఎండగా ఉందని నేను గొడుగు పట్టాను. కరపత్రం చేసినవాడు గొడుగును కత్తిరించి నన్ను ఉంచాడు. అంతే. ఆమె ధైర్యం చూడాలి. నీలా తలుపు చాటు నుంచి మాట్లాడదు, గడపగడపకూ వెళ్లి ఓటు అడుగుతుంది.

ఇట్లు, ఏ తప్పూ చేయని
మహేశ్వర్

తా.క. ఇక్కడి ఓటు చిత్రం. ముందు పార్టీకి గుర్తు పెట్టి, ఆ పార్టీలో నచ్చిన ముగ్గురికి కూడా పెట్టవచ్చు.

ఇంకో తా.క. చొక్కా ఆమే ఇస్త్రీ చేసింది.

మహేశ్వర్ గారికి,

గోపిక రాయునది. ఒకేసారి ముగ్గురు నచ్చవచ్చని తెలిపినందుకు కృతజ్ఞతలు.

నేను కూడా తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. మన వార్డు ఆడవాళ్లకు వచ్చింది, నన్ను నిలబెట్టారు. ఫోటోలో పక్కన ఉండడానికి మొగుడు ఊళ్లో లేడు కాబట్టి పరశురాములు గారు నిలబడ్డారు. కరపత్రం జతచేశాను.

ఇట్లు, మీ వార్డు అభ్యర్థి
గోపిక

తా.క. ఆయన మీసం ఫోటోలో కంటే బయట బాగుంటుంది.

గోపికా,

ఎవడీ పరశురాములు? మన చుట్టాల్లో లేడు, మన గొర్లు కొనేవాళ్లలో లేడు. నీ కరపత్రం అందినప్పటి నుంచి నేను కట్టే గోడ వంకర పోతోంది. ఇంజనీరు కూలగొట్టించాడు. అమ్మను ఫోన్లో అడుగుదామంటే వాడకట్టంతా వింటుంది. అతను నీకు అంత దగ్గరగా నిలబడాలా? పట్టుకోవడానికి గొడుగు కూడా లేదు. వెంటనే పోటీ నుంచి తప్పుకో. సెలవు అడిగాను.

ఇట్లు, నీ అసలు మొగుడు
మహేశ్వర్

తా.క. కౌసల్య అక్క గెలిచింది. నీ కరపత్రం చూసి, మన ఊళ్లో ఓటుంటే నీకే వేసేదాన్నని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంకో తా.క. నాకూ మీసముంది.

మా ఆయనకు,

ఈసారి నిజంగానే బాగున్న గోపిక నమస్కరించి రాయునది.

మీరు మొదటిసారి "కౌసల్య అక్క" అని రాశారు. ఆ మాట మొదటి ఉత్తరంలోనే ఉంటే నాకు కోదాడ దాకా ఆటో కిరాయి మిగిలేది.

మన ఊళ్లో ఇప్పుడు ఏ ఎన్నికలూ లేవు. కోదాడ ఫోటో షాపులో ఓట్ల కరపత్రం చేయమంటే, ఎన్ని వేలు కావాలన్నాడు. ఒకటి చాలన్నాను. నాకు ఓటరు ఒక్కడే అని చెప్పడానికి సిగ్గేసింది. పరశురాములు ఎవరో నాకూ తెలియదు. పక్కన ఎవరో ఒక మగమనిషి ఉండాలని నేనంటే, షాపతను కంప్యూటర్లో ఉన్న, పాత ఎన్నికల్లో ఓడిపోయినాయన ఫోటో పెట్టి, కింద పేరు కూడా వేశాడు.

కానీ షాపతను నమూనా కోసం ఇంకొకటి తీసి షాపు గోడకు అంటించుకున్నాడు. కోదాడ వెళ్లిన అత్తమ్మ అది చూసింది. "గీయన ఎవరే? నా కొడుకు ఫోటో దొరకలేదా?" అని ముందు తిట్టింది. తర్వాత కోడలు లీడరైందని వాడకట్టంతా చెప్పింది. వచ్చే పంచాయతీకి నన్ను నిజంగానే నిలబెడతారట. నాకు అన్నం సయించడం లేదు. మొదటి గడప ఎట్లా ఎక్కాలో కౌసల్య అక్కను అడిగి రాయండి.

ఇట్లు, తలుపు చాటు నుంచి
మీ గోపిక

తా.క. ఫోటోలో పక్కన చోటు మీకే ఉంచాను. గొడుగు తెచ్చుకోండి. ఆలస్యమైతే, షాపతని దగ్గర ఓడిపోయినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారట.