కుచ్చిళ్ళ టవరు మీద ఫిర్యాదు

టవరు నిర్వాహకులకు, కత్తెర పక్కన పెట్టేసిన ఒక టైలరు నమస్కరించి రాసేది.

మీరు నన్నెరగరు. మీకు రెండు వీధుల అవతల బట్టలు కుట్టేవాణ్ణి. ఈ మధ్యే కొట్టు మా అల్లుడికి అప్పజెప్పాను. ఇన్నేళ్ళూ తల వంచుకుని కుట్టు చూసుకోవడమే గాని, తలెత్తి ఊరి నడిబొడ్డున ఏం లేచిందో చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు తీరిక చిక్కింది కనుక, సాయంత్రాలు మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసు టవర్లు చూస్తున్నాను.

మీ ఎదుటి బ్యాంకు వాళ్ళది మరీ బిగుతు చొక్కా. ఏ క్షణాన బొత్తాలు తెగుతాయో అన్నట్టుంటుంది. మూల మీద బీమా కంపెనీది పాతకాలపు కోటు. గుడ్డ మంచిదే, జేబులే ఎక్కువ. కుట్టంటే మీదే. గాజు పలకల్ని అడుగు నుంచి కొస దాకా కుచ్చిళ్ళు పెట్టినట్టు మడిచారు. ఒక మడతలో దిగిపోయే సూర్యుడు, పక్క మడతలో నీలాకాశం, ఆ పక్కదాంట్లో ఎదుటి వీధి ఇటుక మేడ. అది చూసి నా కళ్ళు చెదిరాయి. మా ఆవిడకైతే కాళ్ళు కదల్లేదు. దాన్ని గీసిన చేతికి ఓ దండం పెట్టాలనిపించి ఈ నాలుగు ముక్కలూ రాశాను.

ఇట్లు,
టైలరు

తా.క. అంత పొడుగు కుచ్చిళ్ళు జారిపోకుండా ఎక్కడ దోపారో కనుక్కోమంటోంది మా ఆవిడ.

*

గౌరవనీయులైన ఫిర్యాదీ గారికి,

తమ ఫిర్యాదు అందినది. మా గాజు వలన తమ కళ్ళు చెదిరినందుకును, తమ సతీమణి గారి కాళ్ళు కదలకుండా పోయినందుకును మిక్కిలి చింతిస్తున్నాము. గాజు మెరుపు తగ్గించుటకు బూడిదరంగు పొర అతికించవలెనని యాజమాన్యం ఇదివరకే నిర్ణయించి యున్నది. తమ ఫిర్యాదుపై విచారణ ప్రారంభించితిమి. అది ముగియువరకు గాజును ఎవరును తాకరాదని ఉత్తర్వు జారీ అయినది.

భవదీయ,
ఫిర్యాదుల అధికారి

తా.క. జారిపోవు స్థితిలో ఉన్న భాగము ఏ అంతస్తులో కనిపించినదో వెంటనే తెలుపగలరు.

*

అయ్యా, అధికారి గారూ,

నేను పొగిడితే మీరు మందు రాస్తున్నారు. నా కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కించుకుంటాను. మా ఆవిడ కాళ్ళంటారా, అవి పెళ్ళయిన నాటినుంచీ నాకంటే ముందే నడుస్తున్నాయి. ఆ గాజు మీద బూడిదరంగు వేయడమంటే పట్టుచీర మీద గోనె కప్పడమే. ఆ మాట చదివి నా గుండె ఆగినంత పనైంది.

మీ గుమ్మం పక్కన వంపు తిరిగిన రాతి బెంచీ ఉంది చూడండి, దాని సంగతి కూడా చెప్పాలి. మెడకి చక్కగా కుదిరిన కాలరులా ఉంటుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు. కొట్టు నడిచినన్నాళ్ళూ నేను మిషను వైపు, ఆవిడ కాజాలు కుట్టుకుంటూ గోడ వైపు. రోజంతా ఒక్క గదిలోనే ఉన్నా మొహాలు చూసుకున్నది తక్కువ. ఇప్పుడు ఆ వంపు పుణ్యాన, ఆ చివర ఆవిడ, ఈ చివర నేను కూర్చున్నా ఎదురెదురుగానే ఉంటాం. బకాయి పడ్డ కబుర్లన్నీ అక్కడే తీరుతున్నాయి. అంచేత దేన్నీ ముట్టుకోకండి బాబూ, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
ఫిర్యాదు ఏమీ లేని టైలరు

తా.క. మా ఆవిడ ఇది చదివి, "మీ రాతే అంత. పెళ్ళిచూపులయ్యాక మీరు రాసిన ఉత్తరం చూసి, పిల్ల నచ్చలేదేమోనని మా నాన్న రెండ్రోజులు అన్నం మానేశాడు" అంటోంది.

*

గౌరవనీయులైన ఫిర్యాదీ గారికి,

తమ రెండవ ఫిర్యాదు అందినది. తమ గుండె ఆగినదని తెలిసి వెనువెంటనే అంబులెన్సు పంపితిమి. తలుపు తీసినవారే రోగినని చెప్పుకొనుటతో సిబ్బంది అయోమయమునకు లోనైరి.

బెంచీపై కూర్చున్నవారు లేవలేకపోవుచున్నారన్న విషయం తీవ్రమైనది. సదరు బెంచీని తొలగించవలెనని కూడ యాజమాన్యం ఇదివరకే నిర్ణయించినది. అయినను తమ ఫిర్యాదు దృష్ట్యా దానిపైనను విచారణ మొదలైనది. అంతవరకు ఎవరును కూర్చొనకుండ, తొలగించకుండ చుట్టును తాడు కట్టించితిమి.

భవదీయ,
ఫిర్యాదుల అధికారి

తా.క. తాము సూచించిన గోనె పరిశీలనలో ఉన్నది.

*

అయ్యా,

ఈ ఉత్తరం మా ఆవిడ చెప్తుంటే రాస్తున్నాను. అలంకారాలు వద్దని గట్టిగా చెప్పింది.

మీ టవరు బాగుంది. గాజు బాగుంది. బెంచీ బాగుంది. మా ఇద్దరికీ ఒంట్లో బాగుంది. ఏదీ మార్చకండి.

ఇక్కడ నుంచి నా సొంతం. నిన్న సాయంత్రం వెళ్ళి తాడు ఇవతల నిలబడ్డాం. గాజులో సూర్యుడు మామూలుగానే దిగాడు. ఇద్దరం కాసేపు చూసి, మాట్లాడకుండా ఇంటికొచ్చేశాం. ఇంట్లో ఆవిడ వంటింట్లోకి పోయింది, నేను ముందు గదిలో కూర్చున్నాను. అచ్చం కొట్లో ఉన్నట్టే ఉంది. బాగున్నదాన్ని బాగుందని నోరు విప్పి చెప్పినందుకు ఇలా అవుతుందనుకోలేదు.

ఇట్లు,
టైలరు

తా.క. బాబూ, నేను ఈయన భార్యని. పొగడ్తకీ తిట్టుకీ తేడా తెలీడం లేదంటే, పాపం నిన్ను ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదేమో. ఒక ఆదివారం భోజనానికి రా, నేర్పుతాను. ఈయనకీ నేనే నేర్పాను.

*

బాబాయిగారికి, పిన్నిగారికి నమస్కారాలు.

ఇది ఆఫీసు కాయితం కాదు, నా సొంత కాయితం. పిన్నిగారూ, నేను బాబుని కాదు, అమ్మాయిని. మా అమ్మమ్మ చేతుల మీద పెరిగాను. ఆవిడ సామెత లేకుండా మంచినీళ్ళు కూడా అడిగేది కాదు. అలాంటిదాన్ని, కళ్ళు చెదరడమంటే ఏమిటో నాకు తెలీకపోవడమేమిటి?

మీ మొదటి ఉత్తరం వచ్చేసరికే గాజుకి పొర వేయడానికీ, బెంచీ పీకేయడానికీ సంతకాలు అయిపోయాయి. బెంచీ మీద పనిలేనివాళ్ళు చేరుతున్నారట. మెచ్చుకుంటూ వచ్చే ఉత్తరాలు ఇక్కడ చదివేవాళ్ళు లేరు, తిన్నగా చెత్తబుట్టలోకే. ఫిర్యాదంటే మాత్రం అందరికీ భయం. విచారణ తేలేదాకా ఆ వస్తువు మీద చెయ్యి వేయకూడదని కంపెనీ నియమం. అందుకే మీరు దేన్ని పొగిడితే దాన్ని ఫిర్యాదు కింద రాసుకున్నాను. ఆ బెంచీ మీదే రోజూ మధ్యాహ్నం నా క్యారేజీ విప్పుతాను. కిటికీ లేని గదిలో పనిచేసేదాన్ని, నాకు ఆకాశం కనిపించేది ఆ గాజులోనే. మీకు ముందే చెప్పాల్సింది. చెప్తే మీరు ఇంత అమాయకంగా రాయలేరని భయపడ్డాను.

అంబులెన్సు మాత్రం ఎత్తు కాదు. ఎందుకైనా మంచిదని నిజంగానే పంపాను.

నిన్న విచారణకి ఛైర్మన్ గారు స్వయంగా వచ్చారు. కూర్చున్నవాళ్ళు లేవలేని బెంచీ ఏమిటో చూద్దామని తాడు విప్పించి కూర్చున్నారు. అప్పుడే ఎండ వాలింది. కుచ్చిళ్ళలో ఒక్కొక్క మడతే ఎర్రబడుతూ వచ్చింది. ఆయన రోజూ కారులో నేలమాళిగలోకి దిగి, అటునుంచటే లిఫ్టులో పైకి పోతారు. సొంత భవనాన్ని బయటినుంచి ఎన్నడూ తీరిగ్గా చూసినట్టు లేరు. డ్రైవరు వచ్చి పిలిస్తే ఉండమని సైగ చేశారు. చాలాసేపటికి నా వైపు తిరిగారు.

"దీన్ని తీసేయమన్నది ఎవరమ్మా?"

"మీరే సార్."

ఈ ఉదయం రెండు పనులూ రద్దని ఉత్తర్వు వచ్చింది.

తాడు తీయించేశాను. మధ్యాహ్నాలు నావి, సాయంత్రాలు మీవి. ఆదివారం భోజనానికి తప్పకుండా వస్తాను. టవరు గీసిన ఆర్కిటెక్టు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారట, మీ మొదటి ఉత్తరం నకలు ఆవిడకి పంపించాను.

ఉంటాను,
మీ అమ్మాయి

తా.క. లేవబోయేసరికి ఛైర్మన్ గారి కాలు తిమ్మిరెక్కింది. నేనే చెయ్యి పట్టి లేపి, ఫిర్యాదు నమోదు చేసుకున్నాను. సాక్షాత్తూ ఛైర్మన్ గారి కాలి మీద విచారణ కనుక, తేల్చే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు. అది తేలేదాకా బెంచీని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు.