పెట్యూనియా పాదాలు

మార్లిస్ అక్కా,

"మంచమంతా తడిపేస్తున్న ఆ పిల్లిని జంతువుల షెల్టర్‌కి తిరిగిచ్చెయ్యరా!" అని ఫోన్లో తిట్టావు కదా. ఇవ్వలేదు. పెట్యూనియాని పశువుల డాక్టరమ్మకి చూపించాను.

ఆవిడ దాని పాదాలు నొక్కి చూసి, "ఇది పొగరు కాదండీ, నొప్పి. మునుపు పెంచినవాళ్ళు గోళ్ళతోపాటు వేళ్ళ చివరి ఎముకలూ తీయించేశారు. దొడ్డికెళ్ళే తొట్టిలో గరుకు ఇసుక మీద నిలబడలేక మెత్తటి చోటు వెతుక్కుంటోంది" అంది. ముందురోజే దాన్ని కసిరాను. సిగ్గేసింది.

ఇప్పుడు తొట్టిలో మెత్తటి కాగితం ముక్కలు పోస్తున్నాను. నొప్పి మందు ట్యూనా చేపలో కలిపి పెడుతున్నాను. మొదట్లో మందు వదిలేసి చేప తినేది, ఇప్పుడు రెండూ నాకేస్తోంది. కీళ్ళ కోసం బరువు తగ్గించాలట, మూణ్ణెల్లకోసారి చూపించాలట, అది బతికినన్నాళ్ళూ. చూపిస్తాను.

పక్క చివరిసారి తడిసి నెల దాటింది. నిన్న మొదటిసారి నా ఒళ్ళోకెక్కి, గుర్రుగుర్రుమంటూ ఆ గోళ్ళులేని పాదాలతో నా పొట్టని రొట్టెపిండిలా పిసికింది. కదిలితే దిగిపోతుందేమోనని, పొయ్యిమీద బంగాళాదుంపలు మాడుతున్నా లేవలేదు.

థాంక్స్‌గివింగ్ పండక్కి తప్పకుండా రా. వచ్చేటప్పుడు ఓ గిన్నె పట్రా, నాది ఇక పనికిరాదు.

నీ తమ్ముడు