పరీక్షకు పోని రోజు

నాయినా,

నన్ను పశువుల డాక్టరుగా చూడాలనుకున్నావు కదా, ఆ చదువు కోసం రాయాల్సిన నీట్ పరీక్ష ఈ రోజే వికారాబాద్‌లో జరిగింది. నువ్వు పోయినప్పటి నుంచి గొర్లను అమ్మే కాస్తోంది. మోకాళ్లు వాచి, నిన్న మంద వెనక నడవలేక దారిలోనే కూలబడిపోయింది.

పొద్దున హాల్‌టికెట్ పట్టుకుని యాలాల్ బస్టాండు దాకా వెళ్లాను. తాండూరు బస్సు వచ్చినా ఎక్కలేక ఇంటికి తిరిగొచ్చాను.

"పరీక్షకు పోలేదా బిడ్డా?" అంది అమ్మ.

"సీటొస్తే నేను హాస్టల్‌కు పోవాలె. గప్పుడు గొర్లను ఎవరు కాస్తరే?"

తిడుతుందనుకున్నాను. తిట్టి పంపిస్తే తర్వాతి బస్సుకైనా పోదామనుకున్నాను. అమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచి, నువ్వు గొర్లు కాసిన కట్టె తెచ్చి నా చేతికిచ్చింది.