ఒక్క గంజుల కూడు, ఇద్దరు యారాండ్లు

దాజీ పేట్, సోలాపూర్

నా బంగారు బిడ్డ ఋతుజకు, నీ బాపమ్మ మల్లమ్మ చెప్పి రాయించేది.

ఫోన్ల అయితే నవ్వి పెట్టేస్తవు. కాగితమైతే చదవాల్సిందే. రాస్తున్నది నా యారాలు, నా మరిది పెండ్లాం అంబుబాయే. తన మీది ఫిర్యాదు తనే రాస్తున్నది, నాలుగో తరగతి చదివిన మిడిసిపాటు తీరనీ.

ఒక్క గంజుల వండుకుంటం, ఒక్క తీరుగ జొన్నరొట్టె తింటం. షుగర్ నాకొచ్చింది, దానికెందుకు రాలే? నేను చాయ్‌ల చక్కెర మానేసిన. అది నా ముందట కూసొని బూందీ లడ్డు చప్పరిస్తది. నా కంచంల ఏదో కలుపుతున్నది. డాక్టర్ నాకు సూది అన్నడు, పొడుస్తానికి ఇదే నేర్చుకొని తయారైంది! చచ్చినా పొడిపించుకోను.

మొదటి నుంచీ అన్నీ దానికే. నా కడుపు పండకపాయె. దాని కొడుకును, నీ నాయిన పాండురంగ్‌ను, నా ఒళ్ళ పెట్టిండ్రు. వాన్ని సాదిన, నిన్ను సాదిన. నువ్వు మూతి ముక్కు దానియే తెచ్చుకున్నవు. పుణెల ఎలుకలకు షుగర్ తెప్పించి చూస్తవట కద, చెప్పు, తప్పెవరిది?

వేలిముద్ర, నీ బాపమ్మ

(ఏం కలుపలేదు బిడ్డా. - అంబు)

*

ప్రియమైన బాపమ్మా,

చిన్న బాపమ్మను ఇడ్సిపెట్టు. నా దగ్గర రెండు జాతుల ఎలుకలున్నయి. రెండిటికీ ఒకటే జన్యులోపం పెట్టినం, ఒకటే మేత. ఒక జాతి ఒంట్ల చక్కెరను దించే ఇన్సులిన్ మస్తుగ ఊరుతది, కని ఒళ్ళు దాని మాట వినదు, షుగర్ పెరుగుతది. ఇంకోదానికి అంత తిప్పల లేదు. తేడా వాటి వంశంల ఉన్నది. మగ్గం మీద పేక ఒకటే కొట్టినా, పడుగు వేరైతే చద్దర్ వేరైతది కద?

మనుషులల్ల ఇంత సాఫుగ ఉండదు, తిండీ నడకా కూడ లెక్కే. కని నిన్ను కన్న మీ అవ్వ కాలి పుండు మానకనే పానం ఇడిసిందని నువ్వే చెప్పినవు, అదీ షుగరే. ఇది ఎవరో కలిపింది కాదు. సూది వేయించుకో, నా ఆన.

నీ ఋతుజ

*

ఋతుజా, నా పానమా,

ఇది పక్కింటి ఆరతితోని రాయిస్తున్న. అంబుకు తెల్వద్దు.

నీ జాబు అదే చదివి వినిపించింది. వంశం అన్నకాడ నా దిక్కు చూసింది. వంశంల కూడ ఇదే గెలిచెనా అని పండ్లు కొరికిన. మా అవ్వ కాలు కండ్ల ముందటికొచ్చింది.

అప్పుడు గోడకున్న నీ ఫోటో చూసిన. ఆ ముక్కు దానిదే, ఆ మూతి దానిదే. నిన్ను ముద్దు పెట్టుకునేటప్పుడు గూడ ఆ ముక్కు చూసి నా కడుపు మండేది బిడ్డా. ఇయ్యాల దేవునికి దండం పెట్టిన, నా నెత్తురు ఒక్క చుక్క నీలో లేనందుకు.

లేచి అంబు ముందటికి పోయి, కొంగు జరిపి కడుపు చూపించిన.

"పొడువే. ముందు ఆ లడ్డు చెయ్యి కడుక్కో."

కడుక్కొచ్చింది. పొడిచింది. నొప్పి కాలే. ఆ మాట దానికి చెప్పలే, నువ్వూ చెప్పకు.

నీ నాయినను కనకున్నా నీదాన్నే,
బాపమ్మ