ఫ్లెక్సీలో అక్షయ

జూలై 3
ఎనిమిదో తరగతికి నిన్ననే ‘కౌమార దశ’ మొదలుపెట్టాను. ఇవాళ ప్రిన్సిపల్ గదికి పిలుపు. అక్కడ అక్షయ వాళ్లమ్మ.

“ఇసొంటివి పిల్లలకెందుకు మేడమ్? టైమొస్తే అవే తెలుస్తయి.”

ప్రిన్సిపల్ మేడమ్ నా ముఖం చూడదు. “ఇంటి దగ్గర చదువుకోమనండి. మీరు వివరించకండి.”

ఒళ్లు మండింది. ఇరవయ్యేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నదాన్ని... తలూపి వచ్చేశాను.

జూలై 4
“ఇంటి దగ్గర చదువుకోండి” అన్నాను. వెనక బెంచీల్లో ముసిముసి నవ్వులు. అక్షయ నవ్వలేదు. చెయ్యెత్తింది... దించేసింది. అడుగుదామనుకునేలోపు గంట.

జూలై 17
అక్షయ వారం రోజులుగా రావడం లేదు. జ్వరమట.

జూలై 22
నారాయణగూడ నుంచి నడిచి వస్తున్నాను. చిక్కడపల్లి మలుపులో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ — నిలువెత్తు అక్షయ! ఓణీ, వడ్డాణం, బుగ్గన చుక్క. కింద వరసగా మేనమామల ఫొటోలు. ఇదన్నమాట జ్వరం.

క్లాసులో చెబితే పోయే పరువు, స్తంభానికి కడితే పోదు కాబోలు. ఏం మనుషులమో!

జూలై 24
వాళ్లమ్మ అశోక్‌నగర్‌లో మా ఇంటికే వచ్చి బొట్టు పెట్టి పిలిచింది. “తప్పకుండ రావాలె మేడమ్. మీరంటే దానికి పాణం.” కోపం నిలబడలేదు. మంచిదే పాపం.

జూలై 28
ఇప్పుడే తిరిగొచ్చాను. రాయాలి.

దోమలగూడ ఫంక్షన్ హాలు. స్టేజీ మీద పూల కుర్చీలో అక్షయ. ఒడి నిండా కుడుకలు, బెల్లం. పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్షింతలు వేయబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“టీచర్, నానమ్మకు గూడ గిట్లనే రక్తం పోయింది.”

పోయినేడాది గర్భసంచి కాన్సర్‌తో పోయిందావిడ.

“మధ్యల ఆగింది టీచర్, నాకు ఇప్పుడు ఆగినట్టే. మల్ల వచ్చినంక సచ్చిపోయింది. ఆఖరుకు ఆమెకు గూడ అందరు వచ్చిన్రు, ఏది అడిగితే అది పెట్టిన్రు... నాకు గూడ అందుకేనా?”

“అమ్మను అడగలేదా?”

“అడిగిన. గసొంటివి మాట్లాడొద్దు, నవ్వు అన్నది... నాకు మల్ల వస్తదా టీచర్?”

“వస్తుంది తల్లీ, ప్రతి నెలా వస్తుంది, కానీ —”

“మేడమ్, జర పక్కకు!” ఫొటోగ్రాఫర్. బ్యాండు. వెనకే వాళ్లమ్మ, నవ్వుతూనే నా మోచెయ్యి పట్టి మెట్లు దింపింది. “ఈడ గూడ క్లాసేనా మేడమ్?” మళ్లీ దగ్గరికి పోనివ్వలేదు.

పాఠం చెప్పే అలవాటు నన్ను ముంచింది. ముందు విషయం, తర్వాత ధైర్యం. రోగం కాదు అన్న ఒక్క మాట ముందు చెప్పి ఉంటే... ధైర్యం దాకా రానే లేదు. దాని చెవిలో పడింది “ప్రతి నెలా వస్తుంది” — అంతే. భగవంతుడా!

జూలై 29
వాళ్లమ్మకు ఫోన్ చేశాను. “పిల్ల భయపడుతోందమ్మా, నానమ్మ జబ్బు అనుకుంటోంది, మీరన్నా చెప్పండి...” “మంచిగనే ఉన్నది మేడమ్. మీరు పరేషాన్ కాకండి.” పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆగస్టు 2
అక్షయ టీసీ తీసుకెళ్లారు. హిమాయత్‌నగర్‌లో ఏదో బడి అట.

ఆగస్టు 3
“మిగతా పిల్లలకైనా చెప్పనివ్వండి. ఒక్క క్లాసు” అని బతిమాలాను. “ఇంకొకర్ని పోగొట్టుకుందామా?” అంది ప్రిన్సిపల్ మేడమ్. అడ్మిషన్ పోయిందని ఆమె బాధ. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఆగస్టు 6
వాళ్లింటికి వెళ్లాను. తాళం.

ఆగస్టు 11
ఫ్లెక్సీ ఇంకా తీయలేదు. వానకు మేనమామలు వెలిసిపోయారు. అక్షయ నవ్వుతూనే ఉంది.

నెల తిరిగింది. ఇవాళో రేపో మళ్లీ వస్తుంది దానికి. కొత్త బడి. పక్కన ఎవరు కూర్చుంటారో... ఎవరినైనా అడుగుతుందా...