చేతి మీద లేచిన గీత

ఢిల్లీ కంటోన్మెంటు, 14-11-96

అమ్మకు ఇంద్రాణి నమస్కారాలు. మేం కులాసా.

ఈసారి ఇన్‌లాండు కవరు కొనలేదు, కార్డు మీదే రాస్తున్నాను. నా దద్దుర్ల సంగతి పోస్టుమాన్ చదివి వీధంతా చెప్పినా సరే. రెండేళ్లుగా ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నా వంతు వచ్చేసరికి అవి మాయం. "ఏమీ లేదే" అని పంపేసేవారు. నీ అల్లుడు కూడా ఊరి మీద బెంగ అనేవారు. నిన్న కొత్తగా వచ్చిన చర్మాల డాక్టరమ్మ నా చేతి మీద పెన్ను మూతతో ఒక గీత గీసి, కాసేపు కూర్చోమంది. అయిదు నిమిషాల్లో గీత ఎర్రగా తాడులా పొంగింది. ఆవిడ నీ అల్లుణ్ణి లోపలికి పిలిచి, "దేఖియే సాబ్, ఇది ఈమె భ్రమ కాదు" అంది. ఆయన వంగి ఆ గీతను వేలితో తడిమి చూశారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంటుకునే జబ్బు కాదట. కొన్ని నెలలపాటు రోజూ ఒక మాత్ర వేసుకోవాలి.

నువ్వు కోపం తెచ్చుకోకు. దద్దుర్లకని నువ్వు పార్సెలు చేసిన గొంగళితో పూటపూటా రుద్దుకున్నానా, నాకు రుద్దితేనే ఎక్కువవుతాయట. గొంగళి ఇప్పుడు ఆయన కప్పుకుంటున్నారు, చలి మొదలైంది. వంకాయ, గోంగూర మానక్కర్లేదంది డాక్టరమ్మ. తమ్ముడు వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి పెద్ద సీసాలో పంపు. నాన్న కంటి ఆపరేషను ఎప్పుడు? పక్కింటి ఆండాళ్ పిన్ని కూడా ఇలాగే గోక్కుంటుంది కదా, ఈ కార్డు చూపించు.

రాయడం మొదలుపెట్టే ముందు పెన్ను మూతతో చేతి మీద "అమ్మ" అని రాసుకున్నాను. ఇప్పుడు ఎంత బాగా పొంగిందంటే, నీ అల్లుడు గుమ్మంలోంచే చదివారు.

గోక్కోవడం లేదులే.

నీ ఇంద్రాణి